డయాలసిస్ నుంచి బయటపడిన ఆరేళ్ల పాప: క్రియాటినిన్ 0.9 అంటే నయమైనట్టేనా?

పత్తికొండ తండ్రి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గరి పల్లె. టమాటా, వేరుశనగ పెట్టుకొని బతుకుతున్నాము. మా పాపకు ఆరేళ్లు నిండాయి. మొన్న మే నెలలో ఒక పెళ్లికి వెళ్లి వచ్చిన రాత్రి నుంచి పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు ఇంట్లోనే ఉంచి బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు, అడిగినప్పుడల్లా కూల్‌డ్రింకు తాగించాము. ఓఆర్ఎస్ కూడా తెచ్చాము గాని, లీటరు నీళ్లలో కలపాల్సిన పొట్లాన్ని ఒక్క గ్లాసులోనే కలిపేశామని తర్వాత తెలిసింది. జ్వరానికి, కడుపునొప్పికి ఊళ్లో వైద్యం చేసే ఆయన రెండు రోజులూ నొప్పి ఇంజెక్షన్ వేశాడు. అది డైక్లోఫెనాక్ అని ఆస్పత్రిలో అడిగిన తర్వాత, పెంటకుప్పలో ఖాళీ సీసా వెతికి చూసుకుంటేగాని మాకు తెలియలేదు.

మూడో రోజు తెల్లవారేసరికి విరేచనాలు ఆగాయి. గండం గడిచిందనుకున్నాము. అయితే పాప ముఖం ఉబ్బి, కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా మూత్రానికి వెళ్లలేదన్న సంగతి మా ఆవిడకు అప్పుడే గుర్తొచ్చింది. కర్నూలుకు తీసుకెళ్తే రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం 4.8, పొటాషియం 6.7 ఉన్నాయి, రెండూ చాలా ఎక్కువ అన్నారు. పొట్టలోకి సన్నటి గొట్టం వేసి నాలుగు రోజులు డయాలసిస్ చేశారు. ఆరో రోజున గొట్టపు సంచిలో నాలుగు చెంచాల మూత్రం కనబడితే వార్డులో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించాను. పదమూడో రోజున ఇంటికి పంపారు. అప్పుడు క్రియాటినిన్ 0.9. ల్యాబ్ కాగితంలో ఉండవలసిన అంకె 0.6 నుంచి 1.2 వరకు అని అచ్చువేసి ఉంది కాబట్టి అంతా సరిపోయిందనుకున్నాము.

రెండు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోమని డిశ్చార్జి కాగితంలో రాశారు. పాప ఎగిరి గంతులేస్తుంటే, పైగా విత్తనాల పని మీద పడితే, వెళ్లలేకపోయాము. ఇప్పటికి నాలుగు నెలలైంది. మా అత్తగారు పప్పు పెడితే కిడ్నీలకు బరువని, రాగి సంగటి, మజ్జిగ తప్ప ఏమీ పెట్టనివ్వడం లేదు. బంధువుల్లో ఒకరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బుల సంగతి చెప్పి, ఒకసారి చెడిన కిడ్నీ మళ్లీ బాగుపడదని భయపెట్టారు. ఇంకొకరు పిల్లలకు ఇవన్నీ మామూలే, మరిచిపొమ్మన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? పాపకు మళ్లీ డయాలసిస్ అవసరం పడుతుందా? ఏ పరీక్షలు, ఎన్నేళ్లు చేయించాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు

అన్నా, మిగతా సంగతులు డాక్టర్లు చెబుతారు. ఆ 0.9 గురించి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే ఇలాంటి కాగితాలు రోజూ నా చేతి మీదుగానే వెళ్తాయి.

మీ కాగితం మీద అచ్చయిన 0.6 నుంచి 1.2 అన్న హద్దు పెద్దవాళ్లది. మా యంత్రానికి అనుసంధానమైన కంప్యూటరులో ఒకే హద్దు ఎక్కించి ఉంటే, ఆరేళ్ల బిడ్డకైనా అరవై ఏళ్ల పెద్దాయనకైనా అదే అచ్చవుతుంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. పెద్దవాళ్లకున్నంత కండ పిల్లలకు ఉండదు కాబట్టి వాళ్ల రక్తంలో అది తక్కువగా ఉండాలి. ఆరేళ్ల పిల్లల్లో సాధారణంగా 0.3కూ 0.6కూ మధ్య చూస్తుంటాము. అందువల్ల మీ కాగితంలో నల్లని అక్షరాల్లో, ఏ నక్షత్రం గుర్తూ లేకుండా వచ్చిన 0.9ను చూసి సంతోషపడటానికి లేదు.

పిల్లలకు ఎత్తును బట్టి లెక్క కడతారు. 0.413ను సెంటీమీటర్లలో ఉన్న ఎత్తుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగిస్తే కిడ్నీల వడపోత వేగం దాదాపుగా తెలుస్తుంది. దీన్ని ష్వార్ట్జ్ సూత్రం అంటారు. ఇప్పుడు వాడుతున్న రూపం 2009లో వచ్చింది. మీ పాప ఎత్తు 110 సెంటీమీటర్లు అనుకుందాం. 0.413ను 110తో హెచ్చవేస్తే 45.4 వస్తుంది. దాన్ని 0.9తో భాగిస్తే 50. అదే పాపకు క్రియాటినిన్ 0.5 ఉంటే 91 వస్తుంది. ఈ వయసులో 90కి పైన ఉండాలి. చూశారా, కాగితం మీద 0.9 మామూలుగానే కనిపిస్తుంది గాని, లోపల సగానికి సగం తేడా ఉంది.

ఇంకొక చిన్న మాట. క్రియాటినిన్ చూడటానికి జాఫే పద్ధతి అని పాతది ఒకటి, ఎంజైమ్ పద్ధతి అని మరొకటి ఉన్నాయి. జాఫే పద్ధతిలో వాడే పిక్రిక్ ఆమ్లం రక్తంలోని వేరే పదార్థాలను కూడా కలుపుకొని రంగు చూపిస్తుంది. అంకె పెద్దదైనప్పుడు ఆ తేడా లెక్కలోకి రాదు గాని, 0.4, 0.5 దగ్గర చాలా మార్చేస్తుంది. పిల్లలకు ఎంజైమ్ పద్ధతిలో చేయించండి, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. పోయేటప్పుడు పాప ఎత్తు కొలిపించి చీటీ మీద రాయించుకోవడం మరవకండి. మా దగ్గరికొచ్చే చీటీల్లో బరువు ఉంటుంది గాని ఎత్తు ఎప్పుడూ ఉండదు.

పిల్లల వైద్యుడు, కడప

పైన ల్యాబ్ మిత్రుడు చెప్పినదంతా సరైనదే. దానికి ఒక సవరణ మాత్రం చేర్చాలి. డిశ్చార్జి రోజు నాటి అంకెను ఆ సూత్రంలో వేసి 50 అని బెంగపెట్టుకోవద్దు. క్రియాటినిన్ ఇంకా దిగుతూ ఉన్నప్పుడు ఆ లెక్క పనిచేయదు. ఇంకో వైపు, పదమూడు రోజులు మంచాన పడిన బిడ్డ కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ ఉన్నదానికంటే తక్కువగా కూడా కనిపించవచ్చు. అందుకే కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2012లోనే, ఇలాంటి దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరినీ మూడు నెలలకు మళ్లీ పరీక్షించి, పూర్తిగా కోలుకున్నారా, దీర్ఘకాలిక జబ్బుగా మారుతోందా అన్నది తేల్చాలని చెప్పాయి. మీరు దాటవేసింది సరిగ్గా ఆ పరీక్షనే. నాలుగు నెలలంటే పెద్ద ఆలస్యమేమీ కాదు, ఈ వారంలో వెళ్లండి.

మీ బంధువులిద్దరి మాటలూ సగం సగం నిజాలు. మీ పాపకు వచ్చినదాన్ని కిడ్నీలకు హఠాత్తుగా తగిలిన దెబ్బ అంటాము. రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలో మామూలు కంటే ఒకటిన్నర రెట్లు అయినా, ఆరు గంటల పాటు కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం వచ్చినా దెబ్బ మొదలైనట్టే. 17 కిలోల బిడ్డకు ఆరు గంటల్లో 50 మిల్లీలీటర్లు, అంటే హోటలు టీ గ్లాసుకు కాస్త తక్కువ. మన ఇళ్లలో విరేచనాలను వేళ్ల మీద లెక్కపెడతారు గాని మూత్రం ఎప్పుడు పోసిందో ఎవరూ లెక్కపెట్టరు. మూడో రోజు విరేచనాలు ఆగాయని మీరు ఊరట చెందిన సమయానికే, పాప కిడ్నీలకు దెబ్బ తగిలిపోయింది.

జరిగింది ఇదీ. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వచ్చే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తనలోని రక్తనాళాలను విప్పార్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేసుకొని ఎలాగో నెట్టుకొస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు సరిగ్గా ఆ పదార్థాలనే అడ్డుకుంటాయి. నీరు పోయిన బిడ్డకు ఆ ఇంజెక్షన్ వేయడమంటే ఎండిపోతున్న చెరువుకు ఉన్న ఒక్క కాలువనూ పూడ్చడమే. రక్తం అందక కిడ్నీ నాళికల లోపలి పొరలోని కణాలు చచ్చి రాలిపోతాయి. ఓఆర్ఎస్ చిక్కగా కలపడం, తీయటి కూల్‌డ్రింకులు పోయడం వల్ల పేగుల్లోకి నీరు ఇంకా లాగబడింది. ఇక మూత్రం ఆగిన తర్వాత తాగించిన కొబ్బరి నీళ్లలోని పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలోనే పేరుకుంది. మిమ్మల్ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు, నా వార్డులో వేసవికి నలుగురైదుగురు ఇదే కథతో వస్తారు.

ఆ నాళికల పొర మళ్లీ మొలుస్తుంది. మీరు సంచిలో చూసిన నాలుగు చెంచాల మూత్రం ఆ మొలకే. అయితే నెఫ్రాన్ అనే వడపోత గొట్టం మొత్తంగా పోతే, దాని స్థానంలో కొత్తది రాదు. బిడ్డ తల్లి కడుపులో 36 వారాలు నిండేసరికి ఒక్కో కిడ్నీలో సుమారుగా పది లక్షల నెఫ్రాన్లు తయారవుతాయి, ఆ తర్వాత బతుకంతా ఆ లెక్కే. కొన్ని పోతే మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. ఏళ్ల తరబడి అలా అదనంగా మోసి మోసి, అలసిన వడపోతలు మూత్రంలోకి ప్రోటీన్ వదలడం, రక్తపోటు పెరగడం మొదలవుతాయి. ఇది పదేళ్లకు జరగవచ్చు, ఇరవై ఏళ్లకు జరగవచ్చు, జరగకపోనూవచ్చు. అందుకే ఒక ప్రశ్న అడుగుతున్నాను: మీ పాప నెలలు నిండి పుట్టిందా, పుట్టినప్పుడు బరువెంత?

మళ్లీ డయాలసిస్ పడుతుందా అన్న ప్రశ్నకు, దెబ్బ ఎందువల్ల తగిలిందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. గజ్జి పుండ్లో గొంతునొప్పో వచ్చిపోయిన తర్వాత ముఖం ఉబ్బి, మూత్రం టీ రంగులో వచ్చే పిల్లల్లో నూటికి 95 మందికి పైగా పూర్తిగా కోలుకుంటారు. రక్తకణాలు చితికి, ప్లేట్‌లెట్లు పడిపోయి కిడ్నీ దెబ్బతినే హెచ్‌యూఎస్ అనే జబ్బులో, విరేచనాలతో వచ్చిన రకానికి సంబంధించిన పరిశోధనలన్నిటినీ కలిపి 2003లో లెక్కగడితే, బతికిన పిల్లల్లో సుమారు నలుగురిలో ఒకరికి రక్తపోటో, మూత్రంలో ప్రోటీనో, వడపోత తగ్గడమో మిగిలాయి. మీ పాపది నీరు పోవడం వల్ల, మందు వల్ల తగిలిన దెబ్బ. కాబట్టి కారణం వరకు చూస్తే మంచి గుంపులోనే ఉంది. డయాలసిస్ దాకా వెళ్లడం వల్ల మాత్రం తీవ్రమైన దెబ్బ కిందే లెక్క.

కెనడాలో ఇంటెన్సివ్ కేర్‌లో కిడ్నీ దెబ్బ తిని బయటపడిన 126 మంది పిల్లలను ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత పిలిచి చూశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. పదిమందిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తేలింది. ఇంకో 47 శాతం మందికి జబ్బు లేదు గాని వడపోత కాస్త తగ్గడమో, రక్తపోటు పెరగడమో, వడపోత మరీ వేగంగా ఉండటమో కనిపించింది. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బ తగిలిన పిల్లలను అమెరికా, కెనడాల్లో ఐదేళ్లు గమనిస్తే, దెబ్బ తగలని పిల్లలతో పోల్చినప్పుడు పెద్ద తేడా తేలలేదు. నా మటుకు నేను ఈ రెండింటినీ కలిపి చూసి చెప్పేది ఒక్కటే. ఏ బిడ్డ ఏ గుంపులో ఉందో ముఖం చూసి చెప్పలేము, ఆ పిల్లలంతా ఎగిరి గంతులేస్తూనే ఉంటారు. వడపోత సగానికి పైగా పడిపోయేదాకా కిడ్నీ నొప్పి పెట్టదు, నీరసం తెప్పించదు.

చేయించవలసిన పరీక్షలు ఖరీదైనవి కావు. ఎత్తుతో పాటు క్రియాటినిన్ చూడాలి. పొద్దున లేవగానే పట్టిన మొదటి మూత్రంలో ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి చూడాలి, అది 0.2 లోపు ఉండాలి. ఒకసారి కిడ్నీల స్కానింగు తీయాలి. అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టేది రక్తపోటు పరీక్ష. పెద్దవాళ్ల బీపీ పట్టీని బిడ్డ చేతికి చుడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పిల్లల పట్టీ అడగండి, లేదంటే ఉన్నచోటికి వెళ్లండి. 120కి 80 మామూలే అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆరేళ్ల పాపకు అది ఎక్కువ. అన్నీ సరిగా ఉంటే ఏడాదికొకసారి చాలు. కానీ డయాలసిస్ దాకా వెళ్లిన పిల్లలను పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు వదలకూడదన్నది నా పద్ధతి.

తిండి విషయంలో మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, పప్పు, గుడ్డు, పాలు వెంటనే మొదలుపెట్టండి. ఎదిగే బిడ్డకు ప్రోటీన్ మానిపిస్తే కిడ్నీ బాగుపడదు, ఎత్తు మాత్రం ఆగిపోతుంది. తగ్గించవలసింది ఉప్పు. ఊరగాయ, అప్పడాలు, దుకాణంలో దొరికే పొట్లాల చిరుతిండి తగ్గించండి. సంగటిలోకి ఊరుమిండి (పచ్చడి) నంజుకోవడం మన ఇళ్లలో ఎంత ఇష్టమో నాకు తెలుసు, పాప కంచంలో మాత్రం కొంచెమే వేయండి. ఉద్దానం సంగతి వేరు. అక్కడ ఎక్కువగా పెద్దవాళ్లకు, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా వచ్చే జబ్బు అది, దానికి కారణం కూడా ఇంకా పూర్తిగా తేలలేదు. మీ పాపకు ఎందువల్ల వచ్చిందో మనకు స్పష్టంగా తెలుసు.

ఆదోని రైతు

మా ఊళ్లో కిడ్నీ జబ్బులకు కొండపిండాకు, పల్లేరు కాయల కషాయం పోస్తారు. మా పెదనాన్నకు రాళ్లు పడిపోయాయి. ఇంగ్లీషు మందులతో పాటు అది కూడా వారం రోజులు పోసి చూడండి, నష్టం ఏముంది?

అనంతపురం అమ్మ

తమ్ముడూ, డాక్టరు గారు చెప్పిన "ముఖం చూసి చెప్పలేము" అన్న మాటకు మా ఇల్లే సాక్ష్యం. అందుకే ఇది రాస్తున్నాను.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు, వేరుశనగ చెట్లు పెరికే రోజుల్లో, చేనిగట్టు మీద రక్తపింజరి కరిచింది. పసరు పోయించడానికి సాయంత్రం దాకా తిప్పి, ఆ తర్వాత అనంతపురానికి తెచ్చాము. విషానికి విరుగుడు ఇచ్చేసరికి రక్తం గడ్డకట్టడం మానేసింది, రెండో రోజుకు మూత్రం ఆగిపోయింది. అక్కడి నుంచి బెంగళూరు తీసుకెళ్లి మూడు వారాలు ఉన్నాము. మెడ దగ్గర గొట్టం వేసి తొమ్మిదిసార్లు డయాలసిస్ చేశారు. కిడ్నీ పైపొరలో అక్కడక్కడ కండ చచ్చిపోయిందని స్కానింగులో చూసి చెప్పారు. అయినా మూత్రం వచ్చింది, పిల్లవాడు నడిచి ఇంటికి వచ్చాడు.

మొదటి ఏడాది మూడుసార్లు వెళ్లాము. "బాగానే ఉంది, ఏడాదికొకసారి రండి" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు వెళ్లలేదు. బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి, పిల్లవాడి బడి ఇవన్నీ కారణాలే గాని, అసలు కారణం వాడు కబడ్డీ ఆడుతున్నాడు, అంతే. పన్నెండేళ్లప్పుడు బడిలో ఆరోగ్య శిబిరం పెట్టి అందరికీ బీపీ చూస్తే వాడికి 142కి 94 వచ్చింది. యంత్రం చెడిపోయిందేమోనని వాళ్లే పక్క పిల్లవాడికి చూసి, మళ్లీ వీడికి చూశారట. మూత్రంలో ప్రోటీన్ చాలా ఎక్కువగా పోతోందని తర్వాత తేలింది.

ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు. రోజూ ఎనలాప్రిల్ మాత్ర వేసుకుంటున్నాడు. అది బీపీని తగ్గించడమే కాకుండా, ప్రోటీన్ పోకుండా ఆపి మిగిలిన కిడ్నీని కాపాడుతుందని చెప్పారు. దాంతోపాటు ఒక జాగ్రత్త కూడా చెప్పారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఆ మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి, ఎందుకంటే నీరు పోయినప్పుడు అదే మందు కిడ్నీకి ఎదురు తిరుగుతుంది. ఆ మాట ఒక అట్టముక్క మీద రాసి మాత్రల డబ్బాకు రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టాను. వాడి వడపోత ఇప్పుడు 58 దగ్గర నిలకడగా ఉంది. ఆ రెండేళ్లు పోగొట్టుకోకుండా ఉంటే ఎక్కువ ఉండేదేమోనని అడిగితే డాక్టరు గారు "ఉండవచ్చు" అన్నారు.

మీరు నాలుగు నెలలే పోగొట్టుకున్నారు తమ్ముడూ.

పిల్లల వైద్యుడు, కడప

ఆదోని మిత్రుడికి: కొండపిండాకును రాళ్లకు వాడతారు. ఈ పాపకు రాళ్ల జబ్బు లేదు. నష్టం ఏముందని అడిగారు కాబట్టి చెబుతున్నాను. కషాయంలో ఏ ఆకు ఎంత పడిందో పోసేవారికే సరిగా తెలియదు. నల్లరేగడి చేలల్లో మొలిచే గాడిదగడపాకు జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది కిడ్నీని ఎండబెట్టి, మచ్చలుగా మార్చేస్తుందని ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. మీ పెదనాన్న గారి రెండు కిడ్నీలూ గట్టివి, తట్టుకున్నాయి. ఈ పాపకు ప్రయోగాలు చేసే మిగులు లేదు.

మందులు వాడటంలో జాగ్రత్త అంటే ఆకుల మందులకు ఒక్కటే వర్తించదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో దగ్గు, జ్వరాలకు తాగించిన సిరప్పుల్లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలవడంతో సుమారు 70 మంది పిల్లలు కిడ్నీలు ఆగి చనిపోయారు. ఆ సిరప్పులు మన దేశంలో తయారైనవి. చిన్న పిల్లలకు చాలా దగ్గులకు సిరప్పు అవసరమే ఉండదు.

అనంతపురం అమ్మగారూ, మీరు అట్టముక్క మీద రాసుకున్న మాటను మా ఓపీ గోడకు అంటిస్తాను.

పత్తికొండ తండ్రి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డాక్టరు గారూ, మీరు అడిగినదానికి జవాబు: పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది, బరువు 1.9 కిలోలు. పన్నెండు రోజులు ఇంక్యుబేటర్ పెట్టెలో పెట్టారు. ఈ సంగతి కిడ్నీకి సంబంధించినదని మాకు తెలియక మే నెలలో ఆస్పత్రిలో కూడా చెప్పలేదు.

శుక్రవారం నాడు కర్నూలు వెళ్లి వచ్చాము. ఎంజైమ్ పద్ధతి ఉన్న ల్యాబ్ వెతికి చేయించాను. క్రియాటినిన్ 0.6. ఎత్తు 111 సెంటీమీటర్లు. నేనే లెక్కవేశాను, 76 వచ్చింది. తప్పేమోనని మా పెద్దబ్బాయి చేత కూడా వేయించాను, వాడికీ 76 వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ నిష్పత్తి 0.35. కాని అది పొద్దుటి మూత్రం కాదు, బస్సు దిగి నడిచిన తర్వాత పట్టింది. పిల్లల పట్టీతో బీపీ చూస్తే 108కి 70. స్కానింగులో రెండు కిడ్నీలూ వయసుకు తగిన సైజులోనే ఉన్నాయని రాశారు. ఇప్పుడు మందు మొదలుపెట్టాలా? ఇంకో మాట, ఇది అడగవచ్చో లేదో, ఆడపిల్ల కాబట్టి మా ఆవిడ పెళ్లి గురించి, పిల్లల గురించి ఇప్పటినుంచే ఏడుస్తోంది.

పిల్లల వైద్యుడు, కడప

మీ లెక్క సరిగ్గా ఉంది. 90 ఉండవలసిన చోట 76 ఉందంటే, నేను పైన చెప్పిన 47 శాతం మంది గుంపులో మీ పాప ఉన్నట్టు. దీన్ని కిడ్నీ చెడిపోవడం అనరు, డయాలసిస్‌కు చాలా దూరంలో ఉంది. నెలలు నిండక పుట్టింది కాబట్టి మొదటినుంచే నెఫ్రాన్లు కొంత తక్కువతో బతుకు మొదలుపెట్టింది, మే నెలలో ఇంకొన్ని పోయి ఉండవచ్చు. ఈ రెండు సంగతులూ పాప ఫైలు మొదటి పేజీలో రాయించండి.

ఇప్పటికిప్పుడు మందు అక్కరలేదు. నడక తర్వాత, ఎండలో తిరిగిన తర్వాత పట్టిన మూత్రంలో ప్రోటీన్ కాస్త ఎక్కువ రావడం మామూలే. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి మూత్రం పోయించి, పొద్దున లేవగానే వచ్చిన మొదటిది శుభ్రమైన సీసాలో పట్టి, పత్తికొండలోనే ఇచ్చి మళ్లీ చూపించండి. 108కి 70 అన్న బీపీ ఈ వయసుకు, ఈ ఎత్తుకు ఉండవలసిన హద్దుకు కాస్త పైన ఉంది. అయితే ఆస్పత్రి భయానికి కూడా పెరుగుతుంది. నెల రోజుల్లో ఇంకో రెండుసార్లు, పాపను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, కుడిచేతికి చూపించండి. మూడుసార్లూ ఎక్కువే వస్తే, పొద్దుటి మూత్రంలో కూడా ప్రోటీన్ ఉంటే, అప్పుడు పిల్లల కిడ్నీ నిపుణుల దగ్గరికి వెళ్లాలి. మీకు హైదరాబాదు దగ్గరవుతుంది; వెళ్లేటప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, పాత కాగితాలు అన్నీ తీసుకెళ్లండి. అవసరమైతే ఎనలాప్రిల్ లాంటి మందు వాళ్లే మొదలుపెట్టి, రెండు వారాలకు పొటాషియం చూస్తారు.

జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే, అదీ కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వండి. ఏ ఇంజెక్షన్ వేసినా ముందు పేరు అడిగి కాగితం మీద రాయించుకోండి. విరేచనాలు పట్టుకుంటే పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలిపి, ప్రతి విరేచనానికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు తాగించండి. ఆరు గంటలు మూత్రం రాకపోతే ఇంట్లో ఆగకుండా 108కు ఫోన్ చేయండి.

మీ ఆవిడ గారి ప్రశ్న అడగదగినదే. పెళ్లికి, పిల్లలకు ఇది అడ్డు కాదు. కిడ్నీకి ఇలాంటి దెబ్బ తగిలి కోలుకున్నవారికి గర్భం సమయంలో రక్తపోటు పెరిగే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. అందుకని ఇరవై ఏళ్ల తర్వాత గర్భం వచ్చిన మొదటి నెలలోనే ఈ సంగతి డాక్టరుకు చెప్పుకోవాలి. అప్పటికి ఈ కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో తెలియదు కాబట్టి, డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరు వేయించి, రేషన్ కార్డు పెట్టుకున్న చోటనే పెట్టండి. పొద్దుటి మూత్రం ఫలితం రాగానే ఇక్కడే రాయండి, చూస్తాను.